ఒత్సుకరెసమ అంటే ఏమని బదులివ్వాలి? జపాన్‌లో రోజువారీ మర్యాద మాటలు, వాటి జవాబులు

ఉద్యోగానికో చదువుకో జపాన్ వెళ్ళేవాళ్ళు మర్యాద మాటలు ఒక పట్టికగా బట్టీపట్టి విమానం ఎక్కుతారు. తీరా అక్కడ ఎవరైనా పలకరిస్తే అర్థం తెలుస్తుంది గానీ బదులేమనాలో తోచదు. జపనీసు మర్యాద మాటలు చాలామటుకు జంటలుగా ఉంటాయి. ఒకరు మొదటి సగం అంటే రెండోవారు రెండో సగం అనాలి. కొన్నింటికి అదే మాట తిరిగి చెప్పాలి, కొన్నింటికి వేరే మాట ఉంది, కొన్నింటికి అసలు జవాబే అక్కర్లేదు. అందుకే ఏ మాట నేర్చుకున్నా దాని జవాబుతో కలిపే నేర్చుకోండి.

జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక మండలి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మర్యాద భాషను, అంటే ‘కేగొ’ను, 5 రకాలుగా విడగొట్టారు. కొత్తగా వెళ్ళినవాళ్ళు ఆ అయిదింటితో కుస్తీ పట్టనక్కర్లేదు. ‘దెస్, మస్’లతో ముగిసే మామూలు మర్యాద వాక్యాలు, వాటితోపాటు కింద చెప్పిన స్థిరమైన మాటలు వస్తే మొదటి ఏడాది గడిచిపోతుంది.

ముందుగా పలుకుబడి

ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. ఎ-ఏ, ఒ-ఓ తేడా మనకు పుట్టుకతో వచ్చినదే, జపనీసుకు ప్రాణం లాంటిదీ అదే. ‘కొకొ’ అంటే ఇక్కడ, ‘కోకో’ అంటే హైస్కూలు. ‘ఒబసన్’ అంటే పిన్ని వరస ఆవిడ, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ. నలభై ఏళ్ళ ఆవిడను ‘ఒబాసన్’ అని పిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడాలన్నీ పోతాయి. తెలుగులో రాసుకోండి, హ్రస్వం, దీర్ఘం ఉన్నవి ఉన్నట్టు దక్కుతాయి. ఇక్కడ కూడా అలాగే రాశాం కాబట్టి దీర్ఘం లేనిచోట సాగదీయొద్దు. మనవాళ్ళు అలవాటుగా ‘సుమిమాసేన్’ అంటారు, సరైనది ‘సుమిమసెన్’.

‘దెసు’, ‘మసు’ల చివరి ఉకారం దాదాపు వినబడదు, అందుకే దెస్, మస్ అని రాశాం. ‘దెషిత’ కూడా వినడానికి ‘దెష్త’లాగే ఉంటుంది. ‘త్సు’ అని కనిపించినచోట చుక్క, చుట్టం అనేటప్పుడు వచ్చే చు పలకండి. మిగతాచోట్ల చ అంటే చిలుకలోని చ. ‘గొజైమస్’, ‘దోజొ’లలో జామకాయలోని జ పలకాలి. ‘దైజోబు’, ‘ఒజమ’లలో జనంలోని జ. ‘జోజు’ అనే మాటలో మొదటిది జనం జ, రెండోది జామకాయ జ.

ఆఫీసులో పొద్దుటినుంచి సాయంత్రందాకా

పొద్దున్న ‘ఒహయో గొజైమస్’ అంటే అదే తిరిగి చెప్పాలి. ‘గొజైమస్’ తీసేసి ‘ఒహయో’ అనడం మీకన్నా పైవాళ్ళు మీతో అనవచ్చు, మీరు వాళ్ళతో అనకూడదు. హోటళ్ళలో, దుకాణాల్లో షిఫ్టు పని చేసేవాళ్ళు సాయంత్రం డ్యూటీ ఎక్కినా ‘ఒహయో గొజైమస్’ అనే అంటారు, తప్పు విన్నామేమోనని కంగారుపడొద్దు. పగటిపూట పలకరింపు ‘కొన్నిచివ’ను సొంత ఆఫీసువాళ్ళతో, ఇంట్లోవాళ్ళతో అనరు. అది ఇరుగుపొరుగువాళ్ళకు, బయటివాళ్ళకు.

ఆ తరవాత రోజంతా వినబడేది ‘ఒత్సుకరెసమ దెస్’. అలసిపోయి ఉంటారు అన్నది దాని మూలార్థమే అయినా, వాడకంలో అది సహోద్యోగుల మధ్య పలకరింపు. వరండాలో ఎదురుపడినా, ఆఫీసు లోపలి ఫోన్ ఎత్తినా, మీటింగు ముగిసినా ఇదే. జవాబూ ఇదే. ‘అబ్బే, అలసటేం లేదు’ అన్నట్టు చేతులు ఊపితే అవతలివాళ్ళకు ఏమీ అర్థం కాదు. దీనికి దగ్గరగా ‘గొకురోసమ’ అని ఇంకో మాట వినబడుతుంది, అది పైవాళ్ళు కిందివాళ్ళతో అనేది. మేనేజరు మీతో అన్నారు కదా అని మీరూ అదే తిప్పి అనకండి, ‘ఒత్సుకరెసమ దెస్’ అనండి.

పనిమీద బయటికి వెళ్ళేవాళ్ళు ‘ఇత్తె కిమస్’ అంటారు. ఇది అచ్చం మన ‘వెళ్ళొస్తాను’. జవాబు ‘ఇత్తెరష్షై’, మన ‘వెళ్ళి రండి’ లాంటిదే. తిరిగొచ్చినవారు ఆఫీసులో అయితే ‘తదైమ మొదొరిమష్త’, ఇంట్లో అయితే ఒట్టి ‘తదైమ’ అంటారు. దానికి ‘ఒకఎరి నసై’ అనాలి, ఆఫీసులో ‘ఒత్సుకరెసమ దెస్’ అన్నా సరిపోతుంది.

సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు ‘ఒసకి ని షిత్సురే షిమస్’ అనాలి, మీకంటే ముందు వెళ్తున్నందుకు ఏమీ అనుకోవద్దు అని. మిగిలినవాళ్ళు ‘ఒత్సుకరెసమ దెష్త’ అంటారు. ఇక్కడ ‘దెస్’ పోయి ‘దెష్త’ వచ్చిందంటే ఆ రోజు పని ముగిసిందని. చప్పుడు చేయకుండా బ్యాగు తీసుకుని జారుకోవడం మాత్రం అక్కడ బాగా ఎత్తి కనిపిస్తుంది. ‘సయోనర’ స్కూలు పిల్లలు టీచర్లతో అనేది. ఆఫీసులో రోజూ అంటే ఇక కనిపించరేమో అనిపించేలా ఉంటుంది.

పని అప్పజెప్పినప్పుడు అలాగే అనడానికి ‘ర్యోకై షిమష్త’ అని సహోద్యోగుల మధ్య అనుకోవచ్చు. పైవాళ్ళతోనూ క్లయింట్లతోనూ ‘షోచి ఇతషిమష్త’ లేదా ‘కష్కొమరిమష్త’ అనండి. ‘వకరిమష్త’ మధ్యస్థం, ఎక్కడా పెద్ద తప్పు కాదు. అవతలివారు వివరిస్తుంటే ‘నరుహొదొ’, ఓహో అదా సంగతి అనడం తోటివాళ్ళ మధ్య బాగానే ఉంటుంది గానీ, పైవాళ్ళతో అంటే వాళ్ళ మాటకు మీరు మార్కులు వేస్తున్నట్టు వినిపించవచ్చు.

పరిచయాలప్పుడు ‘హజిమెమష్తె’తో మొదలుపెట్టి, పేరు చెప్పి, ‘యొరొష్కు ఒనెగై షిమస్’తో, మీ సహకారం కావాలి అని ముగిస్తారు. జవాబు ‘కొచిర కొసొ యొరొష్కు ఒనెగై షిమస్’. ఈ ‘కొచిర కొసొ’ను గట్టిగా పట్టుకోండి, ‘ఆ మాట మేమనాలి’ అనే భావం అందులో ఉంది, ఎన్నో చోట్ల ఆదుకుంటుంది. బయటి కంపెనీవాళ్ళు ఫోన్లోగానీ మెయిల్లోగానీ ‘ఒసెవ ని నత్తె ఒరిమస్’, మీ సహకారం అందుతూనే ఉంది అంటారు, దానికీ ‘కొచిర కొసొ, ఒసెవ ని నత్తె ఒరిమస్’ అనడమే. మీరు ఆ మనిషి పేరు ఎన్నడూ విని ఉండకపోయినా సరే, కంపెనీకీ కంపెనీకీ మధ్య ఉన్న సంబంధానికి చెప్పే మాట అది. సొంత ఆఫీసువాళ్ళకు రాసే మెయిల్లో మాత్రం దీన్ని వాడరు, అక్కడ ‘ఒత్సుకరెసమ దెస్’ తోనే మొదలుపెట్టాలి.

గారు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి

‘సన్’ దాదాపు మన గారు లాంటిది కాబట్టి చప్పున అలవాటవుతుంది, తప్పులు కూడా అక్కడే వస్తాయి. సొంత పేరుకు సన్ తగిలించకూడదన్నది అందరికీ తెలిసిందే. సొంత కంపెనీవాళ్ళ గురించి బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళ పేర్లకూ తీసేయాలన్నది మనకు మింగుడుపడదు. ‘మా మేనేజరు గారు లేరండి’ అనడం మన పద్ధతి. అక్కడ లోపల ‘తనక కచో’ అని పిలిచే సెక్షన్ మేనేజరు గురించి క్లయింటు ఫోన్ చేసి అడిగితే ‘తనక వ తదైమ సెకి ఒ హజుష్తె ఒరిమస్’, తనక ఇప్పుడు సీట్లో లేడు అనాలి. సన్ లేదు, కచో లేదు. ఆయన పక్కనే నిలబడి వింటున్నా సరే ఇంతే, ఆయన ఏమీ అనుకోరు. గౌరవం చేరిస్తేనే క్లయింటు ముందు మీవాళ్ళను మీరే ఎత్తుకున్నట్టవుతుంది.

పేరు సంగతి ఇంకొకటి ఉంది. ఇంటిపేరు ముందు రాయడంలో మనకూ వాళ్ళకూ పోలిక ఉన్నా, పాస్‌పోర్టులో మన పేర్లు రకరకాలుగా పడతాయి. వాళ్ళు ఇంటిపేరుకు సన్ తగిలించి పిలుస్తారు కాబట్టి ఎవరూ ఎన్నడూ పిలవని మీ ఇంటిపేరు అక్కడ రోజూ వినబడుతుంది. అది ఇబ్బందనిపిస్తే మొదటిరోజే, పరిచయం చేసుకునేటప్పుడే ‘రవి తొ యొన్దె కుదసై’, రవి అని పిలవండి అని చెప్పేయండి. నెల గడిచాక మార్చమంటే అందరికీ తికమక.

సుమిమసెన్

ఒకే మాట మూడు పనులు చేస్తుంది: క్షమాపణ, కృతజ్ఞత, పిలుపు. రైల్లో తగిలినవారు ‘సుమిమసెన్’ అంటే ‘ఈఎ, దైజోబు దెస్’, లేదు పర్లేదు అనండి, తప్పు ఇద్దరిదీ అయితే ‘కొచిర కొసొ సుమిమసెన్’. పడిపోయిన గొడుగు తీసి ఇస్తే కూడా అవతలివారు ‘సుమిమసెన్’ అనే అంటారు, అది థాంక్స్. దానికి ‘ఇఎ ఇఎ’ చాలు. హోటల్లో ‘సుమిమసెన్’ అని గొంతు కాస్త పెంచి పిలవడం తప్పు కాదు, అలా పిలిస్తేనే వస్తారు. జవాబుగా ‘షోషో ఒమచి కుదసై’ అన్నారంటే కాసేపు ఆగాలి.

పనిలో నిజంగా పొరపాటు జరిగినప్పుడు ఇది చాలదు. అక్కడ ‘మోషివకె గొజైమసెన్’ అనాలి. ‘గొమెన్ నసై’ ఇంట్లోవాళ్ళకు, స్నేహితులకు. వరస కూడా ముఖ్యమే. ముందు క్షమాపణ, తరవాత ఏం జరిగింది, ఎప్పటికి సరిచేస్తారు. కారణం నుంచి మొదలుపెడితే, కారణం ఎంత నిజమైనదైనా సాకు కిందే జమ.

‘అరిగతో గొజైమస్’కు పుస్తకాల్లో ‘దో ఇతషిమష్తె’ అని జవాబు ఉంటుంది. రోజువారీ మాటల్లో అది తక్కువ, ఆఫీసులో అంటే కొంచెం బిగుసుకున్నట్టుంటుంది. ‘ఇఎ ఇఎ’, ‘కొచిర కొసొ’, పెద్దవాళ్ళతో ‘తొన్దెమొ నై దెస్’ వాడండి. సాయం పొందినవాళ్ళు కొన్నాళ్ళకు మళ్ళీ కలిసినప్పుడు ‘సెన్‌జిత్సు వ అరిగతో గొజైమష్త’ అని ఇంకోసారి చెప్పాలి. మనకు ఒకసారి చెప్పేస్తే తీరిపోయినట్టే గానీ అక్కడ ఈ రెండోది మరిస్తే గుర్తుపెట్టుకుంటారు. పైఅధికారి భోజనానికి డబ్బు కడితే హోటల్ బయట ‘గొచిసోసమ దెష్త’ అనాలి, మర్నాడు పొద్దున్న ‘కినో వ గొచిసోసమ దెష్త’ అనాలి.

దుకాణంలో

లోపలికి అడుగుపెట్టగానే ‘ఇరష్షైమసె’ అని కేక వినబడుతుంది. దీనికి జవాబు లేదు. కళ్ళు కలిస్తే తల కొద్దిగా వంచడం చాలు. కౌంటరు దగ్గర ప్రశ్నలు మాత్రం గబగబా వస్తాయి, వరస ఇంచుమించు ఎప్పుడూ ఒకటే.

‘పొఇంతొ కాదొ వ ఒమొచి దెస్ క?’ పాయింట్ కార్డు ఉందా అని. లేకపోతే ‘నై దెస్’.
‘అతతమెమస్ క?’ డబ్బా భోజనం వేడిచేయాలా అని. కావాలంటే ‘ఒనెగై షిమస్’, వద్దంటే ‘సొనొ మమ దె దైజోబు దెస్’.
‘ఒహషి ఒత్సుకె షిమస్ క?’ తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) పెట్టమంటారా అని. ‘ఒనెగై షిమస్’ లేదా ‘దైజోబు దెస్’.

సంచి ప్రశ్న దగ్గర జాగ్రత్త. 2020 జులై 1 నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవాలన్న నియమం వచ్చింది, చాలాచోట్ల 3 నుంచి 5 యెన్లు. కొందరు ‘ఫుకురొ ఇరిమస్ క?’ అని సంచి కావాలా అడుగుతారు, కొందరు ‘ఫుకురొ వ ఒమొచి దెస్ క?’ అని మీ దగ్గర ఉందా అడుగుతారు. మొదటిదానికి ‘హై’, ఔను అంటే సంచి ఇస్తారు, రెండోదానికి ‘హై’ అంటే ఇవ్వరు. ప్రశ్న పూర్తిగా పట్టుబడకపోతే హై (ఔను), ఈఎ (కాదు) రెండూ వదిలేసి ‘ఫుకురొ, ఒనెగై షిమస్’ అనండి, గొడవ లేదు.

‘దైజోబు దెస్’ ఈ సందర్భాల్లో ‘వద్దు’ అని అర్థం. అయితే ‘ఇప్పుడు ఆర్డరు తీసుకోవచ్చా’ లాంటి ప్రశ్నకు అదే మాట ‘సరే’ అవుతుంది. ‘కెక్కో దెస్’ కూడా అంతే, బాగుందన్న అర్థమూ ఉంది, వద్దన్న అర్థమూ ఉంది. కావాలన్నప్పుడు ‘ఒనెగై షిమస్’ ఒక్కటే వాడుతూ, వద్దన్నప్పుడు అరచెయ్యి కొద్దిగా ఎత్తి ‘దైజోబు దెస్’ అంటే పొరపాటుకు తావు ఉండదు.

ఇరుగుపొరుగు, ఇంటికి వెళ్ళడం

టోక్యోలో ఎడొగవ వార్డులోని నిషికసై లాంటి, మనదేశం కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట కూడా పక్కింటివాళ్ళు జపనీసువాళ్ళే కావచ్చు. కొత్త ఇంట్లో దిగాక పక్కవాళ్ళకు, కింద వాటావాళ్ళకు 500 నుంచి 1,000 యెన్ల లోపు మిఠాయి పెట్టెగానీ తువ్వాలుగానీ పట్టుకెళ్ళి ‘తొనరి ని హిక్కొష్తె కిమష్త. రవి తొ మోషిమస్. యొరొష్కు ఒనెగై షిమస్’ అంటే బాగుంటుంది. ‘గొతేనే ని దోమొ’ అని తీసుకుంటారు. ఈ ఆనవాయితీ పెద్ద నగరాల్లో తగ్గుతోంది గానీ, పిల్లలున్నవాళ్ళు వెళ్ళడం మంచిది. తరవాత ఎప్పుడైనా లిఫ్టులో ‘ఒకొసన్, గెన్‌కి దెస్ నె’, మీ పిల్లలు హుషారుగా ఉన్నారు అని నవ్వుతూ అంటే, మురిసిపోయే ముందు రాత్రి గంతులు గుర్తుచేసుకోండి. ‘ఉరుసకుతె సుమిమసెన్’, గోల చేస్తున్నందుకు క్షమించండి అనేస్తే మెచ్చుకున్నా, సూచించినా రెండింటికీ సరిపోతుంది.

‘ఒదెకకె దెస్ క?’ అని అడిగితే ఎక్కడికో, ఎందుకో చెప్పనవసరం లేదు. ‘ఎఎ, చొత్తొ’ చాలు. మన ఊళ్ళో ‘ఎందాకా?’ అంటే ‘ఇక్కడిదాకా’ అంటాం కదా, అంతే. ‘అత్సుఇ దెస్ నె’ అంటే ఎండగా ఉంది అని. జవాబు ‘హొన్తో దెస్ నె’. చివర ‘నె’ ఉందంటే మీరు ఔననాలని ఎదురుచూస్తున్నారని గుర్తు. మే నెల విజయవాడ ముందు ఇదో ఎండా అని వాదనకు దిగొద్దు.

ఎవరింటికైనా వెళ్తే గుమ్మం దగ్గర ‘ఒజమ షిమస్’, మీకు అడ్డొస్తున్నాం అని, బయల్దేరేటప్పుడు ‘ఒజమ షిమష్త’. చెప్పులు విప్పి, ముందువైపు వీధి వాకిలి కేసి ఉండేలా తిప్పి పెట్టండి. తీసుకెళ్ళినది ఇస్తూ ‘హొన్నొ కిమొచి దెస్ గ’, ఏదో చిన్న అభిమానం గానీ అనండి. పుస్తకాల్లో కనిపించే ‘త్సుమరనై మొనొ దెస్ గ’, పనికిమాలిన వస్తువే గానీ అన్నది ఇప్పుడు పాతబడింది. టీ పెట్టబోతే ‘ఒకమై నకు’, మీరేం శ్రమపడొద్దు అనాలి. వాళ్ళు పెడతారు, మీరు ‘ఇతదకిమస్’ అని తాగుతారు. భోజనం ముందు ‘ఇతదకిమస్’ అంటూ చేతులు జోడించడం అక్కడా ఉంది, మనకు కొత్తగా ఏమీ ఉండదు. తిన్నాక ‘గొచిసోసమ దెష్త’ అంటే వండినావిడ ‘ఒసొమత్సుసమ దెష్త’ అంటారు.

మెచ్చుకున్నప్పుడు, కాదన్నప్పుడు

రెండు ముక్కలు మాట్లాడగానే ‘నిహొన్‌గొ జోజు దెస్ నె’ అంటారు. అది పలకరింపులో భాగం, పరీక్ష ఫలితం కాదు. ‘ఇఎ ఇఎ, మదమద దెస్’ అనండి, ఇంకా చాలా ఉంది నేర్చుకోవాల్సింది అని. ఒట్టి ‘హై’ అంటే మాత్రం అవతలివారికి తరవాతి మాట దొరకదు.

కాదనడం దగ్గరే ఎక్కువమంది బోల్తాపడతారు. ‘చొత్తొ...’ అని సాగదీసి ఆగిపోతే అది పూర్తి జవాబు, వాక్యం మిగతా సగంకోసం చూడొద్దు. ‘ముజుకషీ దెస్ నె’, కష్టమే అన్నారంటే కుదరదని. ఎంత కష్టమో లెక్కలు చూపించి ఒప్పించబోతే ఇబ్బందిపెట్టినట్టే. ‘కెన్తో షిమస్’, పరిశీలిస్తాం అన్నది కూడా తేదీ లేకుండా వస్తే ఆశ పెట్టుకోవద్దు. ‘ఇకెతర ఇకిమస్’, వీలైతే వస్తాను అన్నవారికి కుర్చీ వేయనక్కర్లేదు. వీటికి మీరు ‘వకరిమష్త. మత గొత్సుగో నొ ఈ తొకి ని’, సరే, మళ్ళీ మీకు వీలైనప్పుడు అని వదిలేయండి. మీరు కాదనాల్సి వస్తే ‘సుమిమసెన్, సొనొ హి వ చొత్తొ...’ అని ఆపండి. కారణం చెప్పనక్కర్లేదు, బంధువుల పెళ్ళి, అత్తగారి ఆరోగ్యం అంటూ కథ పెంచితే అనుమానమే పెరుగుతుంది.

‘హై’ విషయంలో తప్పు ఖరీదైనది. మీరు మాట్లాడుతుంటే అవతలివారు మధ్యమధ్య ‘హై, హై’ అంటారు. దాన్ని ‘ఐజుచి’ అంటారు, కథ చెబుతుంటే ఊఁ కొట్టడం లాంటిది. వింటున్నానని చెప్పడమే తప్ప ఒప్పుకున్నట్టు కాదు. క్లయింటు మీటింగులో పన్నెండుసార్లు హై వినబడింది కదా అని పని మొదలుపెట్టొద్దు. ‘దె వ, కొరె దె సుసుమెతె యొరొషీ దెషో క?’, అయితే ఇలా ముందుకెళ్ళవచ్చా అని అడిగి, స్పష్టంగా ఔనన్నాకే కదలండి. మీరూ వినేటప్పుడు నిశ్శబ్దంగా ఉండకండి, ముఖ్యంగా ఫోన్లో. ఊఁ అనకపోతే లైను కట్టయిందనుకుంటారు. తల ముందుకూ వెనక్కూ ఊపాలి. మనం ఔనంటూ అడ్డంగా ఆడించే తల అక్కడ కాదని చెబుతుంది.

వంగడం గురించి క్లుప్తంగా. ఎదురుపడితే 15 డిగ్రీలు, క్లయింటుకు 30, క్షమాపణకు 45 అని కంపెనీ శిక్షణల్లో నేర్పుతారు. మాట ముందు, వంగడం తరవాత. వంగుతూ మాట్లాడితే మాట నేలకు వినబడుతుంది.

అరుదుగా వచ్చేవి

ఆస్పత్రిలో, మందుల షాపులో ‘ఒదైజి ని’ అంటారు, ఆరోగ్యం జాగ్రత్త అని. జవాబు ‘అరిగతో గొజైమస్’. ఎవరైనా తుమ్మితే ఏమీ అనరు, మీరూ ఊరుకోండి. ‘ఒగెన్‌కి దెస్ క?’, బాగున్నారా అన్నది రోజూ అడిగే మాట కాదు, చాన్నాళ్ళకు కలిసినప్పటిది, ‘ఒకగెసమ దె’, మీ దయవల్ల అని బదులివ్వాలి. చావు జరిగిన ఇంట్లో ‘గొషూషోసమ దెస్’ అని గొంతు తగ్గించి అనాలి, అంతకుమించి మాటలు పెంచకూడదు.

డిసెంబరు చివర ఆఫీసు మూసేరోజు ‘యొఇ ఒతొషి ఒ’, కొత్త ఏడు బాగుండాలి అంటారు, అదే తిరిగి చెప్పాలి. ‘అకెమష్తె ఒమెదెతో గొజైమస్’ను జనవరి 1 రాకముందు అనకూడదు. మనలా ముందుగా శుభాకాంక్షలు చెప్పే అలవాటు అక్కడ లేదు. సెలవుల తరవాత మొదటిరోజు ఎదురుపడ్డవారందరితో ఆ మాట అని, వెంటనే ‘కొతొషి మొ యొరొష్కు ఒనెగై షిమస్’, ఈ ఏడూ మీ సహకారం కావాలి అని కలపాలి. జవాబు ఎప్పటిలాగే ‘కొచిర కొసొ’.